రోలు, గ్రైండరు, గడ్డిబుట్ట

వంటింటికి ఏ పనిముట్లు అక్కరకొస్తాయి, వాటితో పొదుపుగా వండుకోవడం ఎలాగ అన్నది ఈ పూట మన ముచ్చట. పొదుపు అనగానే ఎవరైనా నూనెచుక్క దగ్గరో, గ్యాసుబండ దగ్గరో లెక్క మొదలుపెడతారు. నేను మినుముల దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే మాది ఘంటసాల. స్తూపం చూడటానికి వచ్చేవాళ్లకు ఇది బౌద్ధులనాటి ఊరు. టాలెమీ అనే గ్రీకు పండితుడు రెండో శతాబ్దంలో రాసిన రేవుపట్టణం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడ కాపురం చేసే మాకు మాత్రం ఇది వరి తరువాత మినుము పండే ఊరు. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిచేలోనే మినుములు చల్లేస్తారు. దున్నేది లేదు, నీరు కట్టేది లేదు. నేలలో మిగిలిన తేమతోనూ, మంచుతోనూ పైరు ఎదిగి ఫిబ్రవరి, మార్చి నెలల్లో పంట ఇంటికి చేరుతుంది.

అలా గుమ్మంలోకి వచ్చిన మినుముల్ని మొత్తంగా అమ్మేసుకుని, మళ్లీ ఆరునెలలకి మినపగుళ్ల ప్యాకెట్లు కొట్లో కొనుక్కుంటున్నాం కదూ! ఏడాదికి సరిపడా గింజలు కల్లంలోనే పక్కన పెట్టుకోండి. పొలం లేనివాళ్లు కూడా ఆ రోజుల్లో రైతు దగ్గర కొనుక్కుంటే ధర కలిసొస్తుంది. ఇక ఎండబెట్టడం. గింజ పంటికింద టక్కుమని విరగాలి, నొక్కుకుపోతే ఇంకా తడి ఉన్నట్టే. ఎండిన వాటిని ఆలస్యం చేయకుండా బద్ద చేసేయాలి. పురుగు గింజకు పట్టినట్టుగా బద్దకు పట్టదు. తిరగలి ఉంటే మహారాజులా ఇంట్లోనే విసురుకోవచ్చు, లేకపోతే మరకి పంపండి. తరువాత చేటతో చెరిగితే బద్ద ఒకవైపు, నూక ఒకవైపు, పొట్టు ఒకవైపు. నూక రొట్టెలోకి పోతుంది, పొట్టు గేదె కుడితిలోకి పోతుంది. పారేసేది ఏముంది చెప్పండి?

పొట్టుపప్పు కడగడానికి బకెట్లకు బకెట్లు నీళ్లు పోస్తారు కొందరు. అక్కర్లేదు. నానిన పప్పును చేత్తో పిసికి, పొట్టు పైకి తేలగానే ఆ నీళ్లను జల్లెడలోంచి ఇంకో గిన్నెలోకి వంచండి. పొట్టు జల్లెడలో ఆగిపోతుంది. ఆ నీళ్లే మళ్లీ పప్పులో పోసి మళ్లీ వంచండి. ఒకే నీళ్లతో మూడు నాలుగుసార్లు వంచాక, ఆఖరున ఒక్కసారి మంచినీళ్లతో కడిగితే చాలు. కాస్త పొట్టు మిగిలిపోయిందని బెంగ పడకండి, ఆ పొట్టులో పీచు ఉంది, కడుపుకు మంచిదే.

ఇప్పుడు రుబ్బడం దగ్గరికి వద్దాం. అసలు పేచీ అంతా ఇక్కడే. రుబ్బురోట్లో రుబ్బిన పిండి రుచి వేరు అని మగవాళ్లంటారు. నిజమే, కాదనను. రాయి మెల్లగా తిరుగుతుంది గనక పిండి వేడెక్కదు, గాలి చేరి పొంగుతుంది. మిక్సీ బ్లేడు గిర్రున తిరిగి పిండిని వేడెక్కించేస్తుంది. అందుకే మిక్సీ వాడేవాళ్లు చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, మధ్యమధ్య ఆపుతూ వేయాలి. మా ఇంట్లో లెక్క ఏమిటంటే, గ్లాసు పప్పు రాతిమీద నలిగితే రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ పట్టిస్తుంది, మిక్సీలో వేస్తే ఒకటిన్నర కలిపేసరికే ఇడ్లీ గట్టిపడుతుంది. అంటే పప్పు ఎక్కువ ఖర్చు.

మరి గ్రైండరు? అది కరెంటు తాగేస్తుందని ఒక అపోహ ఉంది. కాగితం తీసుకుని లెక్క వేద్దాం రండి. వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్టు. 750 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిరిగితే యూనిట్టులో ఎనిమిదో వంతు. బల్లమీద పెట్టుకునే గ్రైండరు మోటారు సాధారణంగా 150 వాట్లది. అది నలభై నిమిషాలు తిరిగినా యూనిట్టులో పదో వంతే. ఎక్కువసేపు చప్పుడు చేస్తుంది కాబట్టి ఎక్కువ తింటుందనుకుంటాం, అంతే.

ఇంకో లెక్క ఉంది. అది ఏ ఇంటి పద్దులోనూ రాయరు. సోల పప్పు రోట్లో మెత్తగా రుబ్బాలంటే, కడగడంతో ఎత్తుకోవడంతో కలిపి గంట పడుతుంది. వారానికి మూడుసార్లు అంటే నెలకు పన్నెండు గంటలు. ఆ పన్నెండు గంటలు చేలో మినుము పీకడానికి వెళితే ఒకటిన్నర రోజు కూలి వస్తుంది. ఇంట్లో రుబ్బితే ఏమీ రాదు, నడుం నొప్పి తప్ప. పొలానికి మందు కొట్టే మిషను కొంటే పెట్టుబడి అంటారు, వంటింటికి గ్రైండరు కొంటే సోకు అంటారు. కోతకు మిషను పెట్టిస్తే రైతు తెలివైనవాడు. నలభై ఏళ్లు దాటి మోకాళ్లు పట్టేసిన ఇల్లాలు గ్రైండరు అడిగితే బద్ధకస్తురాలు! మీ ఇంట్లో ఈ మాట వస్తే, అత్తగారైనా మామగారైనా, పోట్లాడకండి. ఈ పన్నెండు గంటల లెక్క కాగితం మీద వేసి ముందు పెట్టండి. రెక్కలకూ ఖరీదు ఉందని అంకెల్లో చూపితే తొందరగా బోధపడుతుంది.

అలాగని రోలు తీసి పెరట్లో పారేయమనటం లేదు. గుప్పెడు గోంగూర పచ్చడికి, కొబ్బరి పచ్చడికి మిక్సీ జారు కడుక్కునే లోపల చిన్నరోట్లో నూరేసుకోవచ్చు.

ప్రెషరు కుక్కరు గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకుంటారేమో. మన దివిసీమ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటి ఉంది. నాగాయలంక, కోడూరు వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. అలాంటి చోట నీళ్లలో సున్నం పాలు కూడా ఎక్కువైతే కందిపప్పు ఎంతసేపు ఉడికినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. పప్పు మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం గానీ తప్పు నీళ్లది. తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లలో ఒక్క పప్పుకు మాత్రం వాడండి, ముందుగా ఓ గంట నానబెట్టండి. కుక్కరులో ఆవిరి బిగిసి వేడి 120 డిగ్రీల దాకా పోతుంది గనక, మామూలు గిన్నెలో ఉడకనిది అందులో ఉడుకుతుంది. వంటసోడా మాత్రం వేయకండి, పప్పులో ఉన్న బి విటమినును అది పాడుచేస్తుంది. చింతపండు, గోంగూర, మామిడికాయ ముక్కలు పప్పు మెత్తబడ్డాకే కలపాలి. పులుపు ముందే తగిలితే పప్పు మొండికేస్తుంది. మొదటి కూత రాగానే మంట తగ్గించేయండి. పెద్దమంట మీద కూతలు కూయిస్తూ ఉంటే గ్యాసు గాలిలో పోవడమే తప్ప పప్పుకు చేరేది ఏమీ లేదు.

ఇక పైసా ఖర్చులేని సాధనం ఒకటి చెబుతాను. గడ్డిబుట్ట. లోతైన వెదురు బుట్ట గానీ, పాత చెక్కపెట్టె గానీ తీసుకోండి. ఎండిన వరిగడ్డిని అడుగున జానెడు మందాన బాగా అదిమి పరచండి. మధ్యలో అన్నం గిన్నె పట్టేంత గూడు వదిలి చుట్టూ గడ్డి కూరండి. పాత గోనెసంచిలో గడ్డి కుట్టి, పైకి ఒక దిండు చేసుకోండి. బియ్యం అరగంట నానబెట్టి, కావలసిన నీళ్లు కొలిచి పోసి, బాగా తెర్లుతూ అయిదారు నిమిషాలు ఉడికాక మూత బిగించి గిన్నెను ఆ గూట్లో పెట్టి దిండు కప్పేయండి. మూడు వంతుల గంట మూత తీయకండి. గంజి వార్చే పని లేకుండా అన్నం పొడిపొడిగా ఉడికి ఉంటుంది. అడుగంటదు, పొంగిపోదు, కాపలా కాయక్కర్లేదు. ఆ కాసేపట్లో మీరు పెరట్లో పని చూసుకోవచ్చు, లేదా ఊరికే కూర్చోవచ్చు, అదీ తప్పేం కాదు. కందిపప్పయితే నానబెట్టి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పొయ్యిమీద ఉడికించి పెట్టాలి. ఒక జాగ్రత్త: గిన్నె నిండుగా ఉండాలి, అర గిన్నెకు వేడి నిలవదు. రెండు మూడు గంటలు దాటి అందులో ఉంచకూడదు. గోరువెచ్చగా ఎక్కువసేపు నిలవుంటే అన్నం పాడవుతుంది. హార్వెస్టరు కోసిన చేలో గడ్డి ముక్కలైపోతుంది గాని, బుట్టలో కూరడానికి అదే మెత్తగా సర్దుకుంటుంది.

చిన్న సామానులో నా మాట వింటే సోల, గిద్ద పారేయకండి. కొలిచి పోసిన ఇంట్లో అన్నం మిగలదు, చాలకపోవడమూ ఉండదు. పప్పుగుత్తి, కవ్వం, కత్తిపీట, ఒక మట్టిదాక. దాక వేడిని పట్టుకుని ఉంటుంది గనక చేపల పులుసు ఇంకా కుతకుతలాడుతుండగానే పొయ్యి ఆర్పేయవచ్చు. సంతలో డెమో చూసి ఇరవైరకాల బ్లేడ్లున్న ప్లాస్టిక్ కోతమిషను కొన్న ఇళ్లలో, ఇప్పుడు అది అటకమీదే ఉంటుంది, చూసుకోండి.

పిండి మూడోరోజుకు పులిసిందని పారబోయవద్దు. దాంట్లో ఇందాకటి మినప నూక నానబెట్టి కలపండి, కాస్త జీలకర్ర, ఉప్పు సరిచూసి వేయండి. మందపాటి ఇనుప మూకుట్లో రెండు చెంచాల నూనె రాసి, రెండంగుళాల మందాన పిండి పోసి మూత పెట్టి, సన్నటి సెగమీద ఇరవై నిమిషాలు వదిలేయండి. అంచులు ఎర్రబడి మూకుడును వదులుతుంటే తిరగేసి, ఇంకో పది నిమిషాలు ఉంచండి. అడుగు కరకరలాడుతూ, లోపల దూదిలా ఉండే దిబ్బరొట్టె ఇద్దరు పిల్లలకూ పెద్దవాళ్లకూ సరిపోతుంది. నంజుకోవడానికి చెరుకుపానకమో, ఆవకాయో మీ ఇష్టం.