ఖనాఅత్ ఎవరికి?

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తృప్తి గురించి ఇస్లాం ఏమి చెబుతున్నదో నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. నేను మౌల్వీని కాను. 1971లో చేరి, 2008 వరకు ఫైళ్లు మోసిన గుమాస్తాను. పెద్దల వల్ల విన్నదీ, చదువుకున్నదీ, కొంత అనుభవం మీద తెలుసుకున్నదీ మనవి చేస్తాను. పొరపాట్లుంటే మన్నించండి.

మా ఇళ్లలో పసితనం నుంచి చెవినపడే మాట "ఖనాఅత్". అరబ్బీ మాట, ఉర్దూ ద్వారా మాకు వచ్చింది. దేవుడు ఇచ్చినదానితో మనసు నిండడమని దాని అర్థం. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని మన తెలుగువారు అనే మాటకు ఇది దగ్గర చుట్టం. సంపద అంటే సామాను ఎక్కువ ఉండడం కాదని, మనసు నిండుగా ఉండడమే అసలైన కలిమి అని మహాప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. మనిషికి రెండు లోయల నిండా ధనం ఉన్నా మూడో లోయ కోరతాడని కూడా హెచ్చరించారు. లౌకిక విషయాల్లో మనకంటే పైనున్నవారిని కాక, కిందనున్నవారిని చూడమన్నారు. అప్పుడే మనకు దక్కిన మేలు మన కంటికి ఆనుతుంది.

ఆయన ఇది ఇతరులకు చెప్పి ఊరుకోలేదు. ఒకనాడు హజ్రత్ ఉమర్ (ర) ఆయన గదిలోకి వెళ్లారు. ప్రవక్త చాప మీద పడుకుని ఉన్నారు. ఒంటిమీద చాప గుర్తులు పడ్డాయి. తల కింద ఖర్జూరపు పీచు కూరిన తోలు దిండు. పారశీక, రోము చక్రవర్తులు భోగాల్లో ఉంటే దైవప్రవక్తకు ఈ స్థితా అని ఉమర్ కంటతడి పెట్టారు. వారికి ఈ లోకం, మనకు పరలోకం చాలదా అన్న భావంతో ప్రవక్త ఆయనను ఓదార్చారు. ఆ ఇంట్లో రెండేసి నెలలు పొయ్యి వెలగని రోజులుండేవని, ఖర్జూరాలు, నీళ్లతో గడిచేదని, ఇరుగుపొరుగు పాలు పంపేవారని ఆయన సతీమణి హజ్రత్ ఆయిషా (ర) తరువాతి కాలంలో తన అక్క కొడుకుకు చెప్పారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తన ఇంటికి ఇంత నిగ్రహం విధించుకున్న ఆయనే, కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమన్నారు. "నీవు తృప్తిగా ఉండు, కూలి రేపు చూద్దాం" అనమని చెప్పలేదు. జకాత్ సంగతీ అంతే. ఏడాది పాటు నిలువ ఉన్న ధనంలో నూటికి రెండున్నర వంతు తీసి ఇవ్వాలి. కలవారి సొమ్ములో లేనివారికి హక్కు ఉన్నదని దివ్య ఖుర్ఆన్ మాట. అంటే ఖనాఅత్ మన కోరికకు మనం కట్టుకునే గట్టు. ఎదుటివాడికి రావలసినదానికి అడ్డంగా కట్టే గోడ కాదు.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా ఇంటావిడ వల్ల తెలిసింది.

1986లో మేము అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. కట్టెల పొయ్యి. వంటింటికి కిటికీ లేదు. ఎప్పుడో పేరు రాయించుకున్న గ్యాస్ కనెక్షన్‌కు మా వంతు వచ్చిందని కార్డు వచ్చింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం "డిపాజిట్టు, స్టవ్వు అంటే మాటలా? మన పెద్దవాళ్లు కట్టెల మీద వండుకోలేదా? కాస్త ఖనాఅత్ ఉండాలి" అన్నాను. వంతు వదిలేశాను. అదే నెలలో, మా సెక్షన్‌లో నాకంటే జూనియరు ఇంటి స్థలం కొన్నాడని, నేనూ ఒక స్థలానికి వాయిదాలు కట్టడం మొదలుపెట్టాను. ఆ రశీదు చూసి ఆవిడ ఒక్కటే అడిగింది: "ఖనాఅత్ నాకేనా? మీకు లేదా?"

జవాబు చెప్పలేకపోయాను. అయినా నా పంతం నాది. గ్యాసు మా ఇంటికి 1991లో వచ్చింది. ఆ ఐదేళ్లూ ఆవిడ పొగలో దగ్గుతూనే వండింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆవిడ 2016లో వెళ్లిపోయింది. స్థలం ఇప్పటికీ ఉంది, ధర బాగా పలుకుతున్నది. ఆ దారిన పోయినప్పుడల్లా నాకు దగ్గు వినిపిస్తుంది.

ఇంకొక్క ఉదంతం చెప్పి ముగిస్తాను. హకీమ్ బిన్ హిజామ్ (ర) అనే ఆయన ప్రవక్తను ధనం అడిగారు. ఇచ్చారు. మళ్లీ అడిగారు. మళ్లీ ఇచ్చారు. మూడోసారీ ఇచ్చి, పుచ్చుకునే చేతికంటే ఇచ్చే చేయి మేలని హితవు చెప్పారు. ఇక బతికినంతకాలం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోనని హకీమ్ మాట ఇచ్చి నిలబెట్టుకున్నారు. తరువాత ఖలీఫాలైన అబూబకర్ (ర), ఉమర్ (ర) ఖజానా నుంచి ఆయన భాగం ఇవ్వబోయినా తీసుకోలేదు. అప్పుడు ఉమర్, ఆయన హక్కు ఆయనకు ఇవ్వజూపాననడానికి మీరంతా సాక్షులని ప్రజలతో అన్నారు. తీసుకోకపోవడం హకీమ్ ఖనాఅత్. ఆయన వద్దన్నాడు కదా అని ఇవ్వజూపడం మానకపోవడం పాలకుని ధర్మం. రెండూ ఒకే కథలో ఉన్నాయి.

కనుక మిత్రులారా, రావలసిన బకాయి కోసం మన సంఘం అర్జీ పెడితే అది అత్యాశ కాదు, హక్కు. పక్కింటి పింఛను లెక్కగట్టి నిద్ర పాడుచేసుకుంటే మాత్రం ఆ జబ్బుకు మందు ఖనాఅతే. ఇక మన ఇళ్లలో కోడలో, మనవరాలో ఏదైనా అడిగినప్పుడు "ఉన్నదాంతో సర్దుకోవాలమ్మా" అనే మాట మన నోటి చివర సిద్ధంగా ఉంటుంది. ఆ మాట అనేముందు ఈ నెల మన సొంత ఖర్చులో దేన్ని సర్దుకున్నామో ఒక్కసారి చూసుకుందాం. ఏమీ లేకపోతే ఆ మాట మింగేద్దాం.

నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మీరు ఆలస్యం చేయవద్దని మనవి.