ప్రావిడెంటు ఫండు – గృహిణి



ఒకటో తారీఖు వచ్చిందంటే మనం వేసే లెక్కలు మనకు తెలిసినవే. ఇంటద్దె ఇంత, పాలకి ఇంత, పిల్లల ఫీజులకి ఇంత, చీటీకి ఇంత. అన్నీ పోగా ఏమైనా మిగిలితే పోపుడబ్బాలోకి చేరుతుంది. అయితే ఆ జీతం ఇంటికి రాకముందే అందులోంచి కొంత పక్కకు వెళుతూ ఉంటుంది. జీతం స్లిప్పులో "పి.ఎఫ్." అని ఒక వరుస ఉంటుంది చూడండి, అదే. "ఏదో కోతలే" అని మనం దాని ఊసెత్తం. అది కోత కాదండీ. ఓపిక ఉడిగిన రోజున మన ఇద్దరికీ అన్నం పెట్టే డబ్బు.

ఈ ప్రావిడెంటు ఫండు మన దేశంలో 1952 నాటి చట్టంతో వచ్చింది. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. మూల వేతనం, కరువు భత్యం కలిపి 15,000 రూపాయలు అనుకోండి. అందులో సాధారణంగా నూటికి 12 వంతున 1,800 రూపాయలు ఉద్యోగి వాటా. యజమాని కూడా మరో 1,800 వేయాలి. అందులో 1,250 పింఛను నిధికి పోతుంది, 550 ఫండులో పడుతుంది. అంటే మన వాటాతో కలిసి నెలకు 2,350 రూపాయలు ఫండులో చేరుతున్నాయన్నమాట. దీని మీద ఏటా వడ్డీ కడతారు. 2024–25 సంవత్సరానికి అది 8.25 శాతం.

పన్ను సంగతి కూడా చెప్పుకోవాలి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను లెక్క కట్టేవారికి, ఇతర పొదుపులతో కలిపి ఏడాదికి లక్షన్నర దాకా ఈ వాటా మీద మినహాయింపు ఉంది. అయిదేళ్ళు ఎడతెగకుండా సర్వీసు నిండాక తీసుకునే డబ్బు మీద మామూలుగా పన్ను ఉండదు. నిండకుండా తీస్తే, జబ్బు చేయడం, సంస్థ మూతపడడం వంటి కారణాలుంటే తప్ప, పన్ను పడుతుంది.

ఇక్కడే చాలా ఇళ్ళలో పొరపాటు జరుగుతోంది. ఉద్యోగం మారగానే, "ఆ పాత కంపెనీలో ఏభై వేలున్నాయి, తీసేసుకుందాం, ఫ్రిజ్ కొనుక్కోవచ్చు" అంటారు. మనకీ ఆశ పుడుతుంది. కాని ఒక్కసారి లెక్క వేయండి. 8 శాతం వడ్డీ దొరుకుతూ ఉంటే డబ్బు సుమారు 9 ఏళ్ళకు రెట్టింపవుతుంది. ఆ ఏభై వేలు 9 ఏళ్ళకు లక్ష, 18 ఏళ్ళకు రెండు లక్షలు, 27 ఏళ్ళకు నాలుగు లక్షలు. ఫ్రిజ్ అప్పటికి ఏ పాత సామానులవాడి దగ్గరో ఉంటుంది! ఉద్యోగం మారితే డబ్బు తీయకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించమని చెప్పండి. అప్పుడు పాత సర్వీసు కూడా కలిసివస్తుంది. పింఛను రావాలంటే 10 ఏళ్ళ సర్వీసు కావాలి కాబట్టి, ఆ కలిసిరావడం చిన్న విషయం కాదు. ఇంటికో, వైద్యానికో, పెళ్ళికో నిజంగా అవసరం పడితే కొంత మొత్తం తీసుకునే వీలు ఎలాగూ ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది నామినేషను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెళ్ళికాని కుర్రవాడు తల్లి పేరో, తండ్రి పేరో రాస్తాడు. పెళ్ళి కాగానే ఆ నామినేషను చెల్లదు, కొత్తది ఇవ్వాలన్నది 1952 నాటి స్కీములోనే ఉన్న నియమం. ఇవ్వడం మాత్రం మర్చిపోతారు. మా ఎరికలో ఒకావిడకు భర్త హఠాత్తుగా పోయాడు. కాగితాల్లో ఉన్నది ఎప్పుడో కాలం చేసిన అత్తగారి పేరు. డబ్బు ఆవిడకీ పిల్లలకీ రావలసిందే, వచ్చింది కూడా. కాని ఆ ధ్రువపత్రమనీ, ఈ సంతకమనీ ఏడుపు ఆరని కళ్ళతో నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది. పది నిమిషాల పని సకాలంలో జరిగి ఉంటే ఆ తిప్పలు చాలా మటుకు తప్పేవి.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, పింఛను నిధికి ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు నెలనెలా పింఛను వస్తుంది. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్ళు నిండేదాకా కూడా ఇస్తారు. దీనికి తోడు 1976లో వచ్చిన బీమా స్కీము ఉంది. దానికి ఉద్యోగి పైసా కట్టనక్కర్లేదు. గరిష్ఠ మొత్తాన్ని 2021లో 7 లక్షలకు పెంచారు. అడిగేవాళ్ళు లేక ఇలాంటివి ఎన్ని ఇళ్ళలో మరుగున పడి ఉన్నాయో!

అందుచేత ఈ ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మీ వారు తీరిగ్గా ఉన్నప్పుడు కదపండి. "మీ పి.ఎఫ్. 12 అంకెల నంబరు ఏది? నామినేషనులో ఎవరి పేరుంది?" అని అడగండి. ఆ నంబరు రేషను కార్డు, బీమా కాగితాలు ఉన్న పెట్టెలో రాసి పెట్టుకోండి. ఉమంగ్ యాప్‌లో పాసుపుస్తకం చూడవచ్చు. కంపెనీ తన వాటా నెలనెలా వేస్తున్నదీ లేనిదీ అందులో తెలుస్తుంది. నామినేషను కూడా ఆధార్ సాయంతో ఇంట్లో కూర్చునే ఇవ్వవచ్చు. మీరే ఉద్యోగం చేస్తూ ఉంటే మీ ఖాతా సంగతీ ఆ పూటే చూసుకోండి. పెళ్ళయిన కొడుకు ఉంటే, కోడలి పేరు రాశాడో లేదో మీరే గుర్తు చేయండి.

"ఇప్పుడెందుకా అశుభం మాటలు" అని మీ వారు విసుక్కోవచ్చు. ఫరవాలేదు, నవ్వి ఊరుకోండి. కాని ఆ కాగితం పూర్తయ్యేదాకా మాత్రం ఊరుకోకండి.