దుఃఖమును తెలుపు మాటలు: ఆంగ్లమును, మన తెలుగును
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



దుఃఖమును, దిగులును, విచారమును తెలుపుటకు ఆంగ్లమున వాడెడు క్రియావిశేషణములను మనమెట్లు వాడుచున్నాము, అందువలన మన తెలుగునకు కలుగు లాభనష్టములేవి అనునది నేటి విషయము. నేను పండితుడను కాను. లెక్కలును ఉత్తరములును వ్రాసికొను వర్తకుడను. అయినను లాభనష్టముల మాట వచ్చినది కనుక నాలుగు మాటలు విన్నవింప సాహసించుచున్నాను.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న మన ఇండ్లలో మూడు భాషలు మెలగుచున్నవి. ఇంట తెలుగు, బడిలోను కచేరిలోను కన్నడము, చేతిలోని ఫోనున ఆంగ్లము. ఇది మన భాగ్యమే కాని దోషము కాదు. అయితే ఇంటిలో ఒక కష్టము వచ్చినప్పుడు ఏ భాషలో నోరు మెదపుదుమో చూచుకొనవలసియున్నది. పెద్దలు కాలము చేసినప్పుడు బంధువులకు పోవు సందేశము "శాడ్లీ" అనియో, "అన్‌ఫార్చునేట్లీ" అనియో మొదలగుచున్నది. దానిని పిల్లలు తెలిగించి, "విచారముగా మా తాతగారు కాలము చేసినారు" అని వ్రాయుచున్నారు. ఈ వాక్యమునందే చిక్కంతయు ఉన్నది.

ఆంగ్లమున "లీ" చేరిన ఇట్టి మాట రెండు పనులు చేయును. "ఆమె శాడ్లీ నవ్వెను" అన్నచో, ఆమె నవ్విన తీరును తెలుపును. అదే మాట వాక్యమునకు ముందు నిలిచినచో, జరిగిన పని తీరును విడిచి, చెప్పువాని మనస్సును తెలుపును. "చెప్పుటకు కష్టముగా ఉన్నది, కాని సంగతి యిది" అని దాని భావము. మన "గా" ప్రత్యయము సాధారణముగా మొదటి పనియే చేయును. అది క్రియను అంటిపెట్టుకొని, ఆ పని చేసినవాని స్థితినో, ఆ పని జరిగిన తీరునో చెప్పును. కావున పై వాక్యమును విన్నవారికి తాతగారే విచారపడుచు పోయినట్లు తోచును. కొడుకులను, మనుమలను, మునిమనుమలను కన్నులార చూచి, తృప్తిగా కన్ను మూసిన పెద్దమనిషికి ఇంతకంటె అన్యాయమేమున్నది? విచారము మనది. దానిని ఆయన తలపై మోపుచున్నాము.

ఆంగ్లేయులును ఈ భేదమును ఎరుగని వారు కారు. "రిగ్రెట్‌ఫుల్లీ" అనగా చేయువాడు చింతించుచు చేసెనని అర్థము. "రిగ్రెటబ్లీ" అనగా ఆ సంగతియే చింతింపదగినదని అర్థము. వర్తకుల ఉత్తరములలో ఈ రెండును తారుమారగుట మీరెరుగుదురు. సరకు అందలేదనుటకును, బాకీ ఇప్పుడు తీర్చలేమనుటకును "అన్‌ఫార్చునేట్లీ" అని మొదలిడుట పరిపాటి అయినది. ఆ మాట వెనుక నిజమైన విచారమున్నదా, వట్టి మర్యాదయా తెలియుట లేదు. మన పెద్దలు "సరకు సమయమునకు చేరలేదు, మన్నింపవలెను" అని వ్రాసెడివారు. అందులో విచారమును ఉన్నది, బాధ్యతయు ఉన్నది.

మరి తెలుగున ఈ భావమును చెప్పు దారి లేదా? పెక్కు కలవు. మన విచారమునకు ఒక వాక్యమును ప్రత్యేకించుట మొదటిది. "ఈ మాట వ్రాయుటకు చేయి రాకున్నది. మా తాతగారు నిన్న స్వర్గస్థులైనారు." విధిని తలచునప్పుడు "దురదృష్టవశాత్తు", "దైవవశాత్తు" అనవచ్చును. ఇవి "గా"తో ముగియవు కనుక ఎవరి తలపైనను పడవు. ఇతరుల కష్టమునకు "పాపము" అను చిన్న మాట యున్నది. కన్నడిగులును "పాప" అనియే అందురు. కాని మన ఇంటి కష్టమును మనమే చెప్పుకొనునప్పుడు "పాపము" అనుకొనము. తన దుఃఖమును పరుల దుఃఖమును వేరుచేసి చూపు ఈ సున్నితము "శాడ్లీ" అను మాటలో లేదు.

ఏడ్చిన తీరు చెప్పవలసినచో మన సంపదకు కొదవ లేదు. వెక్కి వెక్కి ఏడ్చుట వేరు, భోరున ఏడ్చుట వేరు. ఇల్లంతయు గొల్లుమనుట వేరు, ఒక్కరే లోలోపల కుమిలిపోవుట వేరు. ఆశపడి వచ్చినవాడు ఉసూరుమని మరలిపోవుట ఇంకొకటి. ఒక్కొక్క మాట ఒక్కొక్క మొగమును కన్నులకు కట్టించును.

కన్నడముతో కలిసి బ్రతుకు మనము మరియొక జాగ్రత్త పడవలెను. కన్నడమున "విచార" అనగా సంగతి, ఆలోచన. తెలుగున విచారమనగా దుఃఖము కూడ. కన్నడమున "దిగిలు" అనగా భయము. తెలుగున దిగులనగా మనస్సు క్రుంగుట. "నాకు దిగులుగా ఉన్నది" అని అవ్వ అన్నచో, కన్నడ బడిలో చదివిన మనుమడు ఆమె దేనికో భయపడినదని తలంపవచ్చును. మాటలు ఇట్లు దారి మారుట వింత కాదు. ఆంగ్లమున "శాడ్" అను మాటకే పూర్వము తనిసిన, నిండిన అని అర్థముండెడిది. కాని ఒకే ఇంట అవ్వకును మనుమనికిని నడుమ అర్థము తప్పరాదు.

నాకు మిక్కిలి భయము కలిగించు సంగతి యిది. నేటి పిల్లలు తమ మనస్సు బాగులేనప్పుడు "శాడ్" అని ఒక్క మాటతో ఊరకుందురు. అది తల్లిని ఎడబాసిన బెంగయా, పరీక్షను గూర్చిన చింతయా, స్నేహితుడు పలుకలేదన్న చిన్నబోవుటయా? బెంగకు మందు దగ్గర కూర్చుండుట. చింతకు మందు ధైర్యము చెప్పుట. పేరు తెలియని నొప్పికి ఏ మందు ఇత్తుము? చింతామణి తాలూకాలో ఉండి చింత అను మాటను పోగొట్టుకొనుట మనకు తగునా?

ఆ తాలూకాలోని కైవారమున వెలసిన యోగి నారేయణులు గాజులమ్మి జీవించిరని ప్రతీతి. ఆ తాతయ్యగారు తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించిరి. రెండు భాషలు కలసినను దేనికిని లోపము రాదనుటకు వారే సాక్షి. ఆంగ్లమును విడువుమని నేననను. ఆంగ్లమున వ్రాయునప్పుడు "శాడ్లీ" అని నిస్సంకోచముగా వ్రాయుడు. తెలుగున వ్రాయునప్పుడు తెలుగు తీరున వ్రాయుడు.

చివరగా మూడు మనవులు. మన పత్రికకు పంపు మరణవార్తలను తెలుగు పలుకుబడితో వ్రాసి పంపుడు. తెలుగు లిపి రానివారు కన్నడ లిపిలోనైనను వ్రాయుడు, మాట తెలుగైన చాలును. ఇంటి పెద్దల నోట మెలగు సుఖదుఃఖముల మాటలను పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయించుడు. పరామర్శకు సందేశముతో సరిపెట్టక, వీలైనచో స్వయముగ వెళ్లి, ఇంటి భాషలో నాలుగు మాటలాడి రండు. సంతోషము ఏ భాషలో చెప్పినను సంతోషమే. దుఃఖమునందు ఊరట మాత్రము మనిషికి తన తల్లి మాటలోనే దొరకును.