ఒలింపిక్ పందెములు – పలకా బలపము



ఆదిపర్వము చదివినవారికి ద్రోణాచార్యులు కురుకుమారుల కంటబడిన విధము జ్ఞాపకముండును. బాలురు ఆడుకొనుచున్న బంతి నూతిలో పడినది. అందరును నూతి చుట్టును జేరి దిక్కుతోచక చూచుచుండిరి. ఆ బ్రాహ్మణుడు బాణము వెంట బాణము గ్రుచ్చి త్రాటివలె జేసి బంతిని పైకి దీసెను. ఆట మాని పాఠమునకు రండని ఆయన పిలువలేదు. ఆట నిలిచిన చోటనే పాఠము మొదలైనది.

ఆటలలో పడిన పిల్లవానికి చదువబ్బదని పల్లెలలో పెద్దలందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. టెలివిజన్ ముందు రేయింబవళ్లు కూర్చుండుట ఆటయు గాదు, చదువును గాదు. కాని నాలుగేండ్లకొకమారు లోకమంతయు ఒకచోట గూడు ఒలింపిక్ క్రీడలు బడికి వెలలేక దొరకు పాఠ్యపుస్తకము. దానిని తెరచి చూపువారుండవలెను.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పల్లెకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ నగరమున కాంస్య పతకము గెలిచినది. ఒలింపిక్ పతకమందిన మొదటి భారత మహిళ ఆమెయే. స్త్రీలకు బరువులెత్తు పందెము ఒలింపిక్కులలో పెట్టుటయు ఆ సంవత్సరముననే మొదలు. ఊరి లెక్కలు వ్రాయువారి పదవియే ఆమె యింటిపేరు. ఆమె కథలో లెక్కలు మెండుగా నుండుట అందుకు తగియేయున్నది. ఒకే ఊపున తలపైకెత్తినది 110 కిలోలు. భుజములపై నిలిపి పిదప ఎత్తినది 130 కిలోలు. మొత్తము 240. రెండును ఒక్కమారే ఎత్తినవి కావని బిడ్డలకు తెలియజెప్పవలెను; లేనిచో కూడిక సరిపోయినను సంగతి తప్పిపోవును. 25 పౌన్ల పాత మద్రాసు మణుగుతో లెక్కించిన ఆ మొత్తము ఇరువదియొక్క మణుగులకు మించును, అనగా ఒక బారువ దాటినది. మణుగులను, బారువలను ఇంటిలోని అవ్వతాతలనడిగి తెలిసికొని రమ్మనిన, బడికిని ఇంటికిని మాట కలియును.

ఇంతకన్న రసవంతమైన లెక్క మరియొకటి గలదు. మొదటి స్థానమున నిలిచిన చైనా వనితయు, రెండవ స్థానమందిన హంగరీ వనితయు ఎత్తిన మొత్తము 242.5 కిలోలే. మొత్తములు సమమైనప్పుడు దేహపు బరువు తక్కువగలవారికి పైస్థానమను నాటి నియమముచే స్వర్ణము చైనాకు పోయినది. మల్లేశ్వరి మొత్తము వారికన్న తగ్గినది రెండున్నర కిలోలు మాత్రమే. దశాంశపు చుక్కను జూచి బెదరు నాలుగవ తరగతి బాలునికి రెండున్నర కిలోల రాగులు మూటగట్టి చేతికిచ్చిన, ఆ చుక్క విలువ నల్లబల్ల చెప్పుదానికన్న బాగుగా తెలియును.

వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు జీవాంజి దీప్తి కథ వేరు. బుద్ధి వికాసమున లోపముతో బుట్టిన ఆ బాలిక చిన్ననాడు ఊరివారి గేలికి గురియైనది. ఆమెయే 2024 మే నెలలో జపాను దేశపు కోబే నగరమున తన వర్గపు 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్కులలో 55.82 సెకండ్లతో కాంస్యమును పొందినది. 400 మీటర్లనగా సర్వే గొలుసుతో ఇరువది గొలుసులకు రవంత తక్కువ. పిల్లలు ఆ దూరమును తామే కొలిచి, పరుగెత్తి, కాలము వ్రాసికొని, రెండు అంకెల భేదమును కనుగొనవచ్చును. కాలము కొలుచు గడియారమును ఎవరికీయవలెననుటయే అసలు ప్రశ్న. తరగతిలో వెనుక వరుసన గూర్చుండి, మందబుద్ధి యని పేరుపడి, పలక యెవరును చూడని బిడ్డ యొకరుండుట అరుదు గాదు. గడియారము ఆ బిడ్డకీయవలెను. ఒకటి రెండుమారులు అంకె తప్పవచ్చును. తప్పనిండు. మొదటి వరుసవారు తమ కాలము తెలియుటకై ఆ బిడ్డ యొద్దకే రావలసియుండును.

2028 జూలై 14 మొదలు 30 వరకు లాస్ ఏంజలెస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరుగవలసియున్నవి. వేసవి సెలవులు ముగిసి బడులు నడచు కాలమది. గుడుపల్లెలో సాయంకాలము ఆరున్నర గంటలగునప్పటికి అక్కడ అదే దినము ఉదయము ఆరు గంటలు. ఒక దీపమును, ఒక బంతిని తెచ్చి, బంతిపై ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి త్రిప్పిన, పగలు రేయి యగుట కంటికి గానవచ్చును. మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియు ఈ ప్రాంతమున ఇంట తమిళమో కన్నడమో మాటాడు బిడ్డలును గలరు. మూడు భాషల పత్రికలను ప్రక్కప్రక్కన బెట్టి, ఒక్క దేశపు పేరు ఏ లిపిలో ఎట్లున్నదో వారిచేతనే చదివింపవచ్చును. ఆనాడు ఆ బిడ్డలే తక్కినవారికి గురువులు.

ఆ పదునేడు దినముల పత్రికలను, చందాదారులు చదివిన మరునాడు, బడికి పంపుటకు గ్రంథాలయ సంఘమువారు అంగీకరింపవలసియున్నది. పిల్లలు కత్తిరించిన కాగితము తిరిగి రాదను సంగతి వారికి ముందుగనే చెప్పుట మేలు.