వంకరనోటి మీనము

మత్స్యశాస్త్ర పట్టములను నేడు స్వీకరించుచున్న స్నాతకులారా,

హితోపదేశములు మీకు ఇదివరకే పుష్కలముగా లభించియుండును గనుక, నేనొక్క చేపను గూర్చి మాత్రమే ముచ్చటింపదలచితిని. తూర్పు ఆఫ్రికాలో సుమారు 670 కిలోమీటర్ల పొడవున, కొన్నియెడల 1,400 మీటర్లకు మించిన లోతుతో వ్యాపించియున్న టాంగన్యీకా సరస్సున, మన చెరువులకు సుపరిచితమైన తిలాపియాతోబాటు సిక్లిడ్ కుటుంబమునకే చెందిన పెరిస్సోడస్ మైక్రోలెపిస్ అను చిన్నచేప కలదు. దాని ఆహారము ఇతర మత్స్యముల పొలుసులు.

వెనుకనుండి ఒదిగి వచ్చి, ఒక్కదూకున ప్రక్కను తాకి, మెలిదిరిగి, కొన్ని పొలుసులను పెకలించుకొని అది తొలగిపోవును. ఇందుకు తగినట్లే దాని నోరు ఒకవైపునకు తిరిగియుండును: కుడికి తిరిగినది ఎరచేప ఎడమప్రక్కను, ఎడమకు తిరిగినది కుడిప్రక్కను కొట్టును. కడుపు కోసి చూచినచో, అందలి పొలుసుల ఆకృతియే అవి ఏ ప్రక్కవో తెలుపును.

ఈ రెండు తెగలలో ఒకటి రెండవదానిని ఏల తుడిచిపెట్టలేదు? జపానునకు చెందిన పరిశోధకుడు మిచియో హోరి, ఏండ్లతరబడి ఆ చేపలను పట్టించి, కుడినోటివెన్ని, ఎడమనోటివెన్నియని ఓపికతో లెక్కించి, 1993లో ‘సైన్స్’ పత్రికయందు ప్రకటించిన సమాధానము ఎన్నిమారులు తలచుకొన్నను నాకు విస్మయము గొలుపుచునేయున్నది. కుడినోటివి పెరిగినపుడు, వాని తాకిడికి తరచుగా గురియగు చేపలు తమ ఎడమప్రక్కను కనిపెట్టుకొనియుండుటచే, ఏమరుపాటుననున్న కుడిప్రక్క ఎడమనోటివానికి సులభముగా చిక్కును. అవి బలిసి, సంతానమును వృద్ధిచేసికొని, తామే అధికసంఖ్యాకములైనంతనే ఎరచేపల కావలి కుడిప్రక్కకు మరలును. ఇట్లు ఇరుతెగల పాళ్లును సగమునకు అటునిటు ఊగుచు, ఏదియు నశింపక నిలుచుచున్నవి. ఈ త్రాసును పట్టియున్నది ఎరచేపల జాగరూకతయే యని గ్రహించినపుడు, ప్రకృతిలో వేటకును కావలికిని గల బంధమెంత గాఢమో నాకు బోధపడినది.

తగిన ప్రక్కను కొట్టుటకు పుట్టుక యొక్కటే చాలదనియు తరువాతి పరిశోధకులు చూపిరి. పిల్లచేపలు మొదట రెండు ప్రక్కలను తాకి చూచుచు, అనుభవము పెరిగినకొలది తమ నోటికి అనువైన ప్రక్కనే ఎంచుకొనును.

రేపు మీలో కొందరు కొల్లేటిగట్టుననో, గోదావరి రేవుననో వలలో పడిన చేపలను బల్లపై పరచి కొలుచుచుందురు. అందొకదాని దవడ వంకరగానున్నచో, వికారమని పుస్తకమున వ్రాసి ప్రక్కకు త్రోయకుడు. ఆ జాతివానినే మరి నూరింటిని తెప్పించి చూడుడు, వాని కడుపులు విప్పి చూడుడు, మరుసటి ఏడును అదే రేవునకు పోయి మరల లెక్కింపుడు.