ఇంటిపేరు



నా పూర్వశిష్యుడొకడు అమెరికాలో వలసచట్టముల న్యాయవాది. రాత్రులు తెలుగున కథలు వ్రాయును. మొన్న బెజవాడ వచ్చినపుడు, "ఈ రెండు పనులేల నాయనా?" యంటిని. "అర్జీలో చట్టమడిగినంతయే వ్రాయవలెను మాస్టారూ. మిగిలినది నన్ను నిద్రపోనీయదు" అనెను.

మాటలలో యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రసక్తి వచ్చెను. 1895లో భీమవరమున జన్మించిన ఆ వైద్యశాస్త్రవేత్త 1923లో అమెరికా చేరిరి. ఆ యేటి ఫిబ్రవరిలోనే అచ్చటి సుప్రీంకోర్టు, భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున, భారతీయులు చట్టరీత్యా తెల్లవారు కారనియు, పౌరసత్వమున కర్హులు కారనియు తీర్పు చెప్పియుండెను. 1946లో చట్టము మారినను, ఆయన 1948లో విదేశీయులుగనే కన్నుమూసిరి. అచ్చట 'యల్లాప్రగడ' ఆయన సొంతపేరుగను, 'సుబ్బారావు' వంశనామముగను చెల్లెను! మనకు ముందుండు ఇంటిపేరు వారికి వెనుకనుండును గదా.

పిదప తన కథ చదివెను. దివిసీమనుండి కొడుకుకడకు పోయిన వృద్ధురాలిని కచేరీలో ఇంటిపేరుతో పిలిచిరట. ఆమె పలుకలేదు. ఆ పేర నామె నెవరును పిలిచి యెరుగరు. అధికారి కాగితము ప్రక్కన బెట్టెను. ఆమె సాయంకాలమువరకు కూర్చుండెను.

"అచ్చువేయింపవచ్చునా?" యని యడిగెను.

"నిన్ను నమ్మి వచ్చిన కక్షిదారు గదా, పేరు మార్చుము" అంటిని. "ఇంటిపేరు మాత్రము ముందుంచుము."