నింద, నేరము, దోషము



హైదరాబాదునుండి విజయవాడకు బోవు మార్గముమీది చౌటుప్పల్ మా యూరు. నా బాల్యమున మా యింట నొక చిన్న కలత పుట్టినది. పాత భూమి తగవు ప్రసంగమున మా నాయనమ్మ "ఆ దావాల మీ తాతనే ముద్దయి, బిడ్డా" అని గర్వముతో చెప్పినది. కృష్ణాజిల్లానుండి వచ్చిన చుట్టమొకరు తెల్లబోయి, "అయ్యో! పెద్దాయన ఏం నేరం చేశారండీ?" అని యడిగిరి. నాయనమ్మ ఆ పూట అన్నము ముట్టలేదు.

తప్పు ఇద్దరిదియు గాదు. అరబ్బీనుండి వచ్చిన 'ముద్దయీ' యనగా దావా వేసినవాడు. దావా, ముద్దయి అను రెండును ఒక్క ధాతువునుండి పుట్టినవే. ఉర్దూ కచేరీ భాషగా నుండిన నైజాము రాజ్యమున ఈ యర్థమే నిలిచినది. కోస్తా తెలుగున మాత్రము 'ముద్దాయి' నేరము మోపబడినవాడైనాడు. ఫిర్యాదియు, నిందితుడును ఒక్క పేరు పంచుకొన్నారు!

నిందకును నేరమునకును నడుమ నున్న గట్టును మాత్రము ఏ భాషయు చెరపలేదు. ఉర్దూలో 'ఇల్జాము' మోపబడినవాడు 'ముల్జిమ్'. 'జుర్ము' చేసినవాడు 'ముజ్రిమ్'. ఆంగ్లమున మొదటివాడు 'అక్యూజ్డ్', నేరము స్థిరపడినవాడు 'కన్విక్ట్'. ఆంగ్ల న్యాయస్థానము విడుదల చేయునప్పుడు 'నాట్ గిల్టీ' యని మాత్రమే పలుకును. మనము 'నిర్దోషి' యని యింకొక యడుగు ముందుకు వేయుదుము. నిందించుటకు ఆంగ్లేయులు వాడు 'బ్లేమ్' అను మాటయు, దైవదూషణకు వాడు 'బ్లాస్ఫెమీ' యను మాటయు ఒకే గ్రీకు మూలమునుండి వచ్చినవి.

తెలుగున ఈ మెట్లు ఇంకను సన్ననివి. తప్పు పొరపాటున జరుగవచ్చును. నిష్ఠూరము ఆత్మీయులమీదనే వేయబడును. లేని నేరమును అంటగట్టిన నది అభాండము. ఇన్ని మాటలుండగా, పోలీసులు ఒకని పట్టుకొన్న మరునాడే మనము 'నేరస్థుడు' అనుచున్నాము. ఛార్జిషీటు పోలీసుల పక్షపు మాట. తీర్పు న్యాయాధిపతి మాట. 1860 నాటి శిక్షాస్మృతి స్థానమున 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలునకు వచ్చినది. చట్టము పేరు మారినను, నేరమును ఋజువు చేయు భారము సాధారణముగా అభియోగము తెచ్చిన పక్షముపైననే యున్నది.

ఈ గట్టు తెగిన నేమగునో చరిత్ర చూపినది. 1871లో బ్రిటిషు ప్రభుత్వము 'క్రిమినల్ ట్రైబ్స్' చట్టము చేసి, కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులని వ్రాసికొన్నది. 1911 నాటి చట్టము పిమ్మట మద్రాసు రాజధానిలో మన ఎరుకలవారును ఆ పట్టికలో చేరిరి. అభియోగము లేదు, విచారణ లేదు, ఉన్నది పేరు మాత్రమే. ఆ పేరుతో తల్లి యొడిలోని బిడ్డయు అనుమానితుడైనాడు. 1952లో ఆ చట్టము రద్దయినది. వారు 'విముక్త జాతులు' అయిరి. చట్టము కాగితమునుండి పోయినంత త్వరగా మాట నాలుకనుండి పోలేదు.

ఆనాడు మా చుట్టము తన పొరపాటు తెలిసికొని నాయనమ్మను క్షమింపుమని వేడెను. ఆమె నవ్వి వడ్డించినది. ఆమెను బాధించినది ఒక్క మాట. దానిని సరిదిద్దుటకు ఒక్క పూట చాలినది. పదిమంది నోట నానిన నిందను తుడుచుటకు ఒక జీవితము చాలకపోవచ్చును. కావున ఎవరినైనను 'నేరస్థుడు' అనబోవునప్పుడు, తీర్పు వచ్చినదా యని ఒక్క క్షణము మనల మనమే ప్రశ్నించుకొందము.